తక్కువ ఖర్చుతో ప్రయాణం, ఎక్కువ రోజుల బస: ఎవరు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

చౌక టికెట్ కనబడగానే ట్రిప్ ఖాయం చేసుకునేవాళ్లు చాలామంది. తిరిగొచ్చి లెక్క చూసుకుంటే డబ్బు ఎక్కువగా పోయింది టికెట్‌కు కాదు, ఊరి నుంచి ఊరికి మారడానికి. పది రోజుల్లో ఐదు ఊళ్లు చూడాలని అనుకున్నప్పుడే ఖర్చు సగం తేలిపోతుంది. ఆ తర్వాత హోటల్ దగ్గర ఎంత బేరమాడినా మిగిలేది కొంచెమే. కాబట్టి టికెట్ల సైట్ తెరవకముందే మూడు సంగతులు తేల్చుకోండి: ఎవరు వెళ్తున్నారు, ఎన్ని రోజులు ఉంటారు, ఎన్నిసార్లు చోటు మారతారు.

మొదటి అడుగు: కాగితం మీద లెక్క

ఖర్చును నాలుగు భాగాలుగా రాసుకోండి. రాకపోకల టికెట్, వీసా, ఇన్సూరెన్స్, అవసరమైన టీకాలు ఒక భాగం. ఇన్సూరెన్స్ రోజులను బట్టి కొంత పెరిగినా, మిగతావి రెండు రోజులున్నా రెండు నెలలున్నా పెద్దగా మారవు. రెండోది రోజువారీ ఖర్చు: బస, తిండి, స్థానికంగా తిరగడం, ప్రవేశ రుసుములు. మూడోది చోటు మారిన ప్రతిసారీ పడే ఖర్చు. నాలుగోది అత్యవసర నిధి.

మూడో భాగాన్ని విడిగా రాసేవాళ్లు తక్కువ. చోటు మారడమంటే బస్సు టికెట్ ఒక్కటే కాదు. స్టేషన్‌కు వెళ్లడానికి, అక్కడినుంచి కొత్త బసకు చేరడానికి, లగేజీకి, దారిలో బయట తినడానికి డబ్బవుతుంది. పైగా సగం రోజు పోతుంది. కొత్త చోట ఏది ఎక్కడ చౌకో తెలియక మొదటి రోజు ఎలాగూ ఎక్కువే ఖర్చవుతుంది.

మాటవరసకు మొదటి భాగం, అంటే స్థిర ఖర్చు, 300 అనుకుందాం, రోజుకు 10, ఒక్కో మార్పుకు 15. కరెన్సీ ఏదైనా సరే. పది రోజులు, నాలుగు మార్పులు అయితే మొత్తం 460, అంటే రోజుకు 46. ముప్పై రోజులుండి రెండుసార్లే మారితే మొత్తం 630, రోజుకు 21. రోజులు మూడింతలయ్యాయి, ఖర్చు ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు. పైగా నెలవారీ అద్దెలో దొరికే తగ్గింపు ఈ లెక్కలో లేనే లేదు.

అయితే అందరికీ నెల సెలవు దొరకదు. వారమే ఉన్నవాళ్లు దూరాన్ని తగ్గించుకోవాలి. ఏడు రోజుల ట్రిప్ కోసం ఖండాలు దాటితే స్థిర ఖర్చే సింహభాగం మింగేస్తుంది. దగ్గరి చోటు ఎంచుకుని అక్కడే బాగా ఉండటం డబ్బుకూ ఒంటికీ మేలు. ఎక్కడికి వెళ్లినా ఒక్కో చోట కనీసం నాలుగు రాత్రులుండేలా చూసుకోమని చెబుతాను. అంతకన్నా తక్కువైతే అక్కడ చౌకగా బతకడం నేర్చుకునేలోపే పెట్టె సర్దుకోవాల్సి వస్తుంది.

అత్యవసర నిధి మొత్తంలో ఐదో వంతు ఉండాలి. అంత పెట్టలేకపోయినా, ఆఖరి నిమిషంలో ఇంటికి రావడానికి సరిపడా టికెట్ డబ్బు విడిగా ఉండి తీరాలి. ఈ డబ్బును రోజువారీ ఖర్చుకు తాకకూడదు.

రెండో అడుగు: వెళ్లేవాళ్లను బట్టి ప్లాన్

ఒకరికి పొదుపైనది ఇంకొకరికి నష్టం కావచ్చు. డార్మిటరీలో పడక విద్యార్థికి చౌక, నలుగురున్న కుటుంబానికి కాదు. నాలుగు పడకల ధర కలిపితే వంటగది ఉన్న చిన్న ఇల్లే వచ్చేస్తుంది.

ఒంటరిగా వెళ్లేవారికి పెద్ద ఇబ్బంది గది అద్దెను పంచుకునే మనిషి లేకపోవడం. పడక లెక్కన అద్దెకిచ్చే ప్రయాణికుల హాస్టళ్లు ఆ లోటు తీర్చడానికే పనికొస్తాయి. రిషార్డ్ షిర్మన్ అనే ఉపాధ్యాయుడు 1912లో జర్మనీలోని ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ నడిపాడు. డబ్బు లేని పిల్లలు కూడా ఊళ్లు తిరిగి నేర్చుకోవాలన్నది ఆయన ఆలోచన. ఇప్పటి హాస్టళ్లలో వయసు పరిమితి లేనివే ఎక్కువ. బుక్ చేసేటప్పుడు పడక ధరతోపాటు లాకర్ ఉందా, వంటగది వాడుకోవచ్చా, దుప్పటికి విడిగా డబ్బు తీసుకుంటారా అని చూడండి.

ఒంటరిగా వెళ్లే మహిళలకు ఒక మాట గట్టిగా చెప్పాలి: భద్రత దగ్గర పొదుపు చేయొద్దు. పగటిపూట చేరే బస్సుకు కాస్త ఎక్కువైనా అదే ఎక్కండి. మొదటి రెండు రాత్రులు స్టేషన్‌కు దగ్గరగా, రాత్రంతా రిసెప్షన్ ఉండే చోట దిగండి. మహిళలకు మాత్రమే ఉండే డార్మిటరీలు చాలా హాస్టళ్లలో ఉన్నాయి. సమీక్షలు చదివేటప్పుడు ఒంటరిగా వచ్చిన మహిళలు రాసినవే వెతికి చదవండి. ఇలా అయ్యే అదనపు ఖర్చును చూసే ఊళ్లలో ఒకటి తగ్గించుకుని సర్దుకోవచ్చు.

విద్యార్థులకు వయసే పెట్టుబడి. అంతర్జాతీయ విద్యార్థి గుర్తింపు కార్డు, అంటే ఐఎస్ఐసీ, చూపిస్తే చాలా దేశాల్లో మ్యూజియంలకు, రవాణాకు తగ్గింపు దొరుకుతుంది. ఐరోపాలో రైలు ప్రయాణానికి 1972లో మొదలైన ఇంటర్‌రెయిల్ పాస్, ఐరోపా బయటివారికైతే యూరెయిల్ పాస్ ఉన్నాయి. వీటిలో 27 ఏళ్ల వరకు యువత ధర వర్తిస్తుంది. కానీ పాస్ కొనేముందు ఒక లెక్క తప్పనిసరి. చాలా వేగవంతమైన రైళ్లకూ రాత్రి రైళ్లకూ పాస్ ఉన్నా రిజర్వేషన్ రుసుము విడిగా కట్టాలి. మూడు నాలుగు ప్రయాణాలే అయితే ముందుగా కొన్న విడి టికెట్లే చౌకగా పడొచ్చు. ఎక్కువ తిరిగేవారికే పాస్ లాభం. తక్కువ తిరగడం పాస్‌కన్నా చౌక.

పిల్లలతో వెళ్లే కుటుంబానికి వంటగది, బట్టలుతికే మిషను, రెండు గదులు కావాలి. ఈ మూడూ ఉన్న ఇల్లు దొరికితే బడ్జెట్ సగం దారిలో పడ్డట్టే. రోజుకు మూడు పూటలు బయట తినే కుటుంబం ఎంత చౌక గది తీసుకున్నా మిగుల్చుకోలేదు. విమానంలో రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, వాళ్లకు టికెట్ ధర నామమాత్రం. అయితే ప్రయాణం మధ్యలో పాపకు రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సి ఉంటుంది. తేదీలు వేసుకునేటప్పుడే దీన్ని చూసుకోండి. పిల్లలు బడికి వెళ్లే వయసుకు రాకముందే పెద్ద ప్రయాణం చేసేయడం మంచిది. బడి సెలవులు మొదలయ్యాక అన్ని ధరలూ పెరుగుతాయి. ఇక రోజుకు ఒక్క కార్యక్రమం చాలు. మిగతా పూట పార్కులో గడిపినా పిల్లలకు అది ప్రయాణమే.

పెద్దవయసువారి దగ్గర మిగతావాళ్లకు లేనిది ఒకటుంది. సెలవుల కోసం ఎదురుచూడక్కర్లేదు, మంగళవారం బయల్దేరినా అడిగేవారు లేరు. ఈ స్వేచ్ఛను పూర్తిగా వాడుకోవాలి. రద్దీ లేని నెలలు, వారం మధ్య విమానాలు, నెలకు పైగా బస వారికే బాగా అమరుతాయి. కానీ రెండు చోట్ల ఆగే చౌక విమానం వాళ్లకు చౌక కాదు. ఒక్కో టైమ్ జోన్‌కు శరీరం అలవాటు పడటానికి సుమారు ఒక రోజు పడుతుంది, అలసట తోడైతే మొదటి వారం అంతా విశ్రాంతికే పోతుంది. బసలో లిఫ్ట్ ఉందా, మెట్లు ఎన్ని, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా అని ఇంటి యజమానిని నేరుగా అడగండి. చక్రాల కుర్చీ సాయం కావాలంటే కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పాలి. ఐరోపా సమాఖ్య విమానాశ్రయాల్లో ఈ సాయానికి డబ్బు తీసుకోకూడదని చట్టమే ఉంది.

స్నేహితుల బృందానికి చెప్పేది ఒక్కటే. రోజుకు ఎంత ఖర్చు పెట్టగలరో బయల్దేరకముందే ప్రతి ఒక్కరూ విడిగా రాసి చూపించుకోండి. అందరికన్నా తక్కువ అంకె రాసినవాళ్లను బట్టే ప్లాన్ వేయాలి. అది మొహమాటపడి దాచుకునే విషయం కాదు. బస, రవాణా ఉమ్మడి నిధి నుంచి కట్టి, తిండి ఎవరిది వారు చూసుకుంటే తగాదాలు ఉండవు.

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం ఉన్నవారి సంగతి కొంచెం చిక్కైనది, ఎందుకంటే వాళ్లకు బస అంటే ఆఫీసు కూడా. ఇంటర్నెట్ ఉందని రాస్తే నమ్మకండి, స్పీడ్ టెస్ట్ ఫొటో పంపమని అడగండి. బల్ల, కుర్చీ ఫొటో కూడా అడగండి. మంచం మీద కూర్చుని నెల రోజులు పనిచేస్తే నడుం నొప్పి ఖాయం. ఆఫీసు వేళలకూ అక్కడి సమయానికీ ఎన్ని గంటల తేడా ఉందో చూసుకోండి. అర్ధరాత్రి మీటింగులుంటే డార్మిటరీ కుదరదు. పర్యాటక వీసా మీద వెళ్లి పని చేయడం చాలా దేశాల్లో నిబంధనలకు విరుద్ధం. అందుకే ఎస్టోనియా 2020లో ప్రత్యేక వీసా తెచ్చింది, తర్వాత క్రొయేషియా, పోర్చుగల్, స్పెయిన్, జపాన్ లాంటివీ తెచ్చాయి. వీటికి కనీసం ఇంత ఆదాయం ఉండాలన్న నియమం ఉంటుంది. ఒక దేశంలో ఏడాదిలో 183 రోజులు దాటితే అక్కడ పన్ను కట్టాల్సిన పరిస్థితి చాలా చోట్ల వస్తుంది. ఉద్యోగమిచ్చిన సంస్థ దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోకుండా బయల్దేరకండి.

డబ్బు బాగా తక్కువున్నవారు పనికి బదులు బస, తిండి దొరికే పద్ధతులు చూడొచ్చు. సేంద్రియ పొలాల్లో సాయం చేసే వూఫ్ అనే వ్యవస్థ 1971లో ఇంగ్లండ్‌లో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఊరెళ్లినవారి ఇల్లు, పెంపుడు జంతువులు చూసుకుంటూ ఉచితంగా ఉండటం మరో పద్ధతి. జీతం లేకపోయినా కొన్ని దేశాలు దీన్ని పనిగానే లెక్కిస్తాయి, సరిహద్దు దగ్గర తిప్పి పంపేసే ప్రమాదం ఉంది. వీసా నిబంధన చదివి, అవసరమైతే దౌత్య కార్యాలయానికి రాసి జవాబు తెచ్చుకోండి. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని సెలవులు అన్నది చేరకముందే రాతలో ఉండాలి.

మూడో అడుగు: చట్టం ఇచ్చిన రోజులు

ఎక్కువ రోజులుందామనుకునేవారు మొదట చూడాల్సింది అద్దె కాదు, ఎన్ని రోజులు ఉండనిస్తారన్నది. షెంజెన్ ప్రాంతంలో, అంటే ఐరోపాలో తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన దేశాల్లో, స్వల్పకాల పర్యాటకులు ఏ 180 రోజుల వ్యవధిలో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. ఇప్పుడు 29 దేశాలు అందులో ఉన్నాయి. ఫ్రాన్స్ నుంచి ఇటలీ వెళ్తే లెక్క మళ్లీ మొదలవ్వదు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. మీ వీసా మీద ఇంకా తక్కువ రోజులే రాసి ఉంటే అదే మీకు పరిమితి. ఒక్క రోజు దాటినా తర్వాతి వీసాకు ఇబ్బంది, కాబట్టి రెండు మూడు రోజులు మిగిలి ఉండేలా టికెట్ తీసుకోండి.

షెంజెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, 15 రోజుల ముందులోపే ఇచ్చేయాలి. సెలవుల కాలంలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, రెండు మూడు నెలల ముందే కదలండి. పాస్‌పోర్టుకు తిరుగు ప్రయాణం తర్వాత కూడా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకుంటే దాదాపు ఏ దేశానికైనా సరిపోతుంది. తిరుగు టికెట్ చూపించకపోతే విమానం ఎక్కనివ్వని దేశాలూ ఉన్నాయి. వన్ వే టికెట్‌తో వెళ్లేవారు ముందే కనుక్కోవాలి.

నాలుగో అడుగు: కాలం, టికెట్

రద్దీ సీజన్‌కు కాస్త ముందో, కాస్త తర్వాతో వెళ్లడం చవకైన పద్ధతుల్లో మొదటిది. వాతావరణం బాగానే ఉంటుంది, ధరలు దిగుతాయి. దేశవ్యాప్త సెలవులు ఎప్పుడో కూడా చూసుకోండి. జపాన్‌లో ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్‌కు, చైనాలో చాంద్రమాన కొత్త సంవత్సరానికి గదులూ రైళ్లూ నిండిపోతాయి.

టికెట్ వెతికేటప్పుడు తేదీల మీద పట్టుదల వద్దు. గూగుల్ ఫ్లైట్స్‌లో నెల క్యాలెండర్ తెరిచి ఏ రోజు తక్కువో చూడండి, కొనేది మాత్రం విమాన సంస్థ సైట్‌లోనే కొనండి. తేడా వస్తే మధ్యవర్తి దగ్గర తిరగనక్కర్లేదు. చౌక విమానాల ధరకు లగేజీ, సీటు, కార్డు రుసుములు కలిపి చూడండి. విడివిడిగా కొన్న రెండు టికెట్ల మధ్య మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే నష్టం మీదే. అలా కొనాల్సి వస్తే మధ్యలో ఒక రాత్రి ఆగేలా పెట్టుకోండి. రాకపోకలకు కలిపి తీసుకున్న టికెట్‌లో మొదటి విమానం ఎక్కకపోతే మిగతా టికెట్లన్నీ సాధారణంగా రద్దయిపోతాయి, ఇది చాలామందికి తెలియదు.

అమెరికాకు, అమెరికా నుంచి నడిచే విమానాలకు ప్రయాణం వారం పైగా దూరంలో ఉన్నప్పుడు నేరుగా విమాన సంస్థ దగ్గర తీసుకున్న టికెట్‌పై 24 గంటల వెసులుబాటు ఉండాలి. ఆ వ్యవధిలో ఉచితంగా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ ధరకు టికెట్ పట్టి ఉంచాలి. ఐరోపా సమాఖ్య నుంచి బయల్దేరే విమానం సంస్థ తప్పిదంతో ప్రయాణానికి రెండు వారాల్లోపు రద్దయినా, మూడు గంటలు మించి ఆలస్యమైనా సమాఖ్య 261/2004 నిబంధన ప్రకారం 250 నుంచి 600 యూరోల వరకు పరిహారం అడగొచ్చు. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

ఐదో అడుగు: ఎక్కువ రోజుల బస

వారం వరకు ఉండే బసకు ముందే బుక్ చేసుకోండి. నెల అయితే అలా కాదు. మొదటి నాలుగైదు రాత్రులకు మాత్రమే రద్దు చేసుకునే వీలున్న గది తీసుకుని, అక్కడికి వెళ్లి కాలినడకన వెతకండి. ఫొటోలో కనబడని చప్పుడు, వాసన, నీళ్ల ఒత్తిడి, రాత్రి వీధి ఎలా ఉంటుందన్నది వెళ్తేనే తెలుస్తుంది. పిల్లలతో, పెద్దలతో వెళ్లేవారు మాత్రం ముందే బుక్ చేసుకోవడం మేలు, వీధులు తిరిగే ఓపిక వారికి ఉండదు.

ఇళ్లు అద్దెకు దొరికే ఎయిర్‌బీఎన్‌బీ సైట్‌లో చాలామంది యజమానులు ఏడు రాత్రులకు ఒక తగ్గింపు, 28 రాత్రులకు ఇంకా పెద్ద తగ్గింపు ఇస్తారు. కాబట్టి 25 రాత్రులుండాలనుకుంటే 28కి ధర చూడండి, మొత్తం తక్కువ కూడా రావొచ్చు. అయితే 28 రాత్రులు, అంతకు మించిన బుకింగ్‌కు రద్దు నియమాలు వేరు, ముందుగా వెళ్లిపోతే డబ్బు చాలావరకు తిరిగి రాదు.

నేరుగా యజమానితో మాట్లాడుకునేటప్పుడు కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, శుభ్రం చేసే ఖర్చు అద్దెలో కలిసే ఉన్నాయా అని అడగండి. శీతల దేశాల్లో చలికాలపు హీటింగ్ బిల్లు అద్దెతో పోటీపడుతుంది. ఒప్పందం రాతలో తీసుకోండి. ఇల్లు చూడకముందే డిపాజిట్ పంపమన్నవారికి పంపకండి, మంచి ధర ఇంకెవరో ఎత్తుకుపోతారని తొందరపెడితే అసలే పంపకండి. చేరిన రోజే గోడలు, సామాను, మీటర్ రీడింగ్ వీడియో తీసి యజమానికి పంపించండి. విదేశీయులు చిరునామా నమోదు చేసుకోవాలని కొన్ని దేశాల్లో నియమం ఉంది, యజమాని అందుకు ఒప్పుకుంటాడా అని ముందే తేల్చుకోండి.

ఊరి నడిబొడ్డుకు కాస్త దూరంగా, మెట్రోకో ట్రామ్‌కో దగ్గరగా ఉన్న ఇల్లు నెల బసకు సరైనది. నెల పాస్ తీసుకుంటే రవాణా ఖర్చు తేలిపోతుంది. లగ్జెంబర్గ్‌లో 2020 నుంచి ప్రజా రవాణా అందరికీ ఉచితం. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలు, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం శాశ్వత ప్రదర్శనలు ఉచితం. డబ్బు కట్టే చాలా మ్యూజియంలకూ నెలలో ఉచిత రోజో, ఉచిత సాయంత్రమో ఉంటుంది. ఎక్కువ రోజులు ఉండేవారు ఆ రోజు కోసం ఆగగలరు, హడావిడిగా వచ్చినవాళ్లు ఆగలేరు.

ఆరో అడుగు: ఇన్సూరెన్స్, మందులు, డబ్బు

ఇన్సూరెన్స్ మానుకుని చేసే పొదుపు పొదుపు కాదు. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవరేజీ ఎలాగూ తప్పదు. మిగతా చోట్లకూ తీసుకోండి, చదివి తీసుకోండి. ఏడాది పాలసీల్లో చాలావాటికి ఒక్కో ప్రయాణానికి రోజుల పరిమితి ఉంటుంది. ముందునుంచీ ఉన్న జబ్బులు, లైసెన్స్ లేకుండా నడిపిన మోటార్‌సైకిల్ ప్రమాదాలు తరచూ కవర్ కావు. రెండు మూడు నెలలుండేవారు ఈ మూడూ తప్పక చూడాలి.

మందులు అసలు ప్యాకింగ్‌లోనే, డాక్టర్ చీటీతో, చేతి సంచిలో పెట్టుకోండి. ఒక దేశంలో మామూలుగా అమ్మే జలుబు మందు ఇంకో దేశంలో నిషేధం కావచ్చు. సూడోఎఫెడ్రిన్ మోతాదు ఎక్కువున్న మందుల్ని జపాన్ రానివ్వదు. కొన్ని దేశాలు అడిగే ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతోంది. పవర్ బ్యాంకు మాత్రం చెక్ ఇన్ లగేజీలో పెట్టకూడదు, మీతోనే ఉండాలి. దాని మీద రాసి ఉండే సామర్థ్యం 100 వాట్ అవర్ల వరకు అయితే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు.

డబ్బు సంగతికి వస్తే, వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు తీసుకెళ్లి వేర్వేరు చోట్ల దాచండి. ఏటీఎం గానీ దుకాణం మిషన్ గానీ మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా అని అడిగితే వద్దనండి, ఆ దేశపు కరెన్సీయే ఎంచుకోండి. సొంత కరెన్సీ ఎంచుకుంటే మారకపు రేటును ఆ మిషన్ వెనకున్న సంస్థ నిర్ణయిస్తుంది, దాదాపు ఎప్పుడూ మీకే నష్టం. ఏటీఎం రుసుము ప్రతిసారీ పడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కాకుండా వారానికి సరిపడా ఒకేసారి తీయండి.

ఏడో అడుగు: చేరాక, వచ్చే ముందు

మొదటి రోజు చేయాల్సినవి మూడే: సిమ్ తీసుకోవడం, దగ్గర్లోని కూరగాయల దుకాణం, మందుల దుకాణం చూసుకోవడం, రవాణా పాస్ గురించి కనుక్కోవడం. చూడాల్సినవి రేపటికి వదలండి.

ప్రతి వారం చివర ఖర్చు కలిపి, అనుకున్న రోజువారీ అంకెతో పోల్చండి. ఎక్కువైతే ముందు తర్వాతి మార్పు రద్దు చేయండి. తిండి తగ్గించడం ఆఖరి మార్గం. ఆకలితో తిరిగే ప్రయాణం ఎవరికీ వద్దు. వరసగా రెండు వారాలు అనుకున్నదానికన్నా తక్కువే అయితే మిగిలిన డబ్బుతో బస పొడిగించుకోవచ్చు, వీసా రోజులు చూసుకుని.

ఇల్లు ఖాళీ చేసే తేదీ ఒప్పందంలో ఎంత ముందు చెప్పాలని ఉందో అంత ముందే రాతలో చెప్పండి. డిపాజిట్ తిరిగిచ్చే తేదీ అప్పుడే అడగండి. విమానం రోజు ఉదయమే తాళాలివ్వడం మంచిది కాదు. ముందు రోజు యజమానిని పిలిచి, చేరిన రోజు తీసిన వీడియో పక్కన పెట్టుకుని గది గది చూపించండి, మీటర్ రీడింగ్ ఇద్దరూ ఫొటో తీసుకోండి, డిపాజిట్ చేతికి వచ్చాకే తాళాలు ఇవ్వండి. బ్యాంకులో వేస్తానంటే ఎంత, ఏ తేదీలోపు అన్నది మెసేజ్‌లో రాయించుకోండి.